బానెట్ మీది లసాన్యా ట్రే

ఓవెన్ తలుపును మోకాలితో తోసి మూసి, రెజీనా వోయ్‌చిక్ తర్వాతి పెట్టె మీద కత్తి పెట్టింది. అట్ట చీలింది. లోపల ప్లాస్టిక్ పొర కింద గడ్డకట్టిన పిజ్జా ముక్కలు వరసగా ఉన్నాయి. వాటిని సర్దటం, ఓవెన్‌లోకి నెట్టటం, గంట మోగితే బయటికి లాగటం. ఆ బడి వంటింట్లో ఇప్పుడు వంటంటే ఇంతే.

ఆమెకు అరవై దగ్గరపడుతోంది. పొట్టి మనిషి, భుజాలు మాత్రం బస్తాలు మోసేవాళ్ళకున్నంత వెడల్పు. మోచేతుల కింద పాత కాలిన మచ్చలున్నాయి. కొన్ని ఈ వంటింటివి, కొన్ని అంతకుముందు పనిచేసిన ఇనప ఫౌండ్రీవి. జుట్టు మీద వల, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు, ఏప్రన్ జేబులో గుండెమంటకి చప్పరించే బిళ్ళలు. గోళ్ళ చివర ఎంత రుద్దినా పోని నల్లటి గ్రీజు గీత ఒకటి ఉంటుంది. దాన్ని చూసి వంటింటి సూపర్‌వైజర్ రోజూ ముఖం చిట్లిస్తుంది. రెజీనా రోజూ గ్లవ్స్ మీద గ్లవ్స్ వేసుకుంటుంది.

ఒకప్పుడు ఇక్కడ నిజంగానే వండేవాళ్ళు. తెల్లారకముందే వచ్చి పిండి కలిపేవాళ్ళు. శుక్రవారాలు రెజీనా చేతి లసాన్యా ఉండేది, పిండి రేకులూ మాంసం కూరా చీజూ పొరలుగా పేర్చి కాల్చింది. గోడ పొడుగునా పొగలు కక్కే స్టీలు ట్రేలు, వాటి ముందు పళ్ళేలు పట్టుకుని తోసుకునే పిల్లలు. తర్వాత ఎవరో పై అధికారులు లెక్కలేసి, ఫ్యాక్టరీలో చేసి పంపిన తిండి చవక అన్నారు, పిల్లల ఒంటికి మంచిదని కూడా అన్నారు. బంగారంలాంటి ట్రేలను చెత్తబండి ఎక్కించారు. పిల్లలు సగం కొరికి సగం పారేస్తుంటే నిలబడి చూడాల్సింది రెజీనాలాంటి వాళ్ళు కదా, అధికారులకి పోయిందేముంది!

"ఏమే, ఇవాళేగా నీ పెళ్ళికొడుకుని ఇంటికి తెచ్చుకునేది?" అంది ఓపల్, పాల డబ్బాలు సర్దుతూ. ఓపల్ జెఫర్స్ ఆమె పక్కన ఎన్నో ఏళ్ళుగా నిలబడి పనిచేస్తున్న మనిషి. పొడుగ్గా, సన్నగా, నోటికి అడ్డూ ఆపూ లేకుండా ఉంటుంది.

"ఇవాళే. జీతం పడింది. బెల్లు కొట్టగానే బ్యాంకు, అక్కణ్ణించి యార్డు."

"నాకింకా బుర్రకెక్కలేదే తల్లీ. ఊళ్ళో డ్వేన్ కొట్లో కొత్తవి తళతళలాడుతుంటే ఆ తుక్కు యార్డులోది నీకెందుకు?"

రెజీనా కత్తి పక్కన పెట్టింది. ఈ ప్రశ్న ఎవరైనా అడగాలే గానీ ఆమెకి ఓవెన్లు గుర్తుండవు.

"చూడు. ఇంజనుకి ఎంత గాలి కూరితే అంత పెట్రోలు మండుతుంది, అంత బలమొస్తుంది. ఆ గాలి కూరేదే సూపర్‌ఛార్జర్. డ్వేన్ అమ్మేది ఇంజను ముందు పక్కన నత్తగుల్లలా వేలాడుతుంది. మంచిదే, కాదన్ను. కానీ బండి బాగా పరుగందుకున్నాకే దానికి ఊపొస్తుంది. రేసులాడే వాళ్ళకి సరే. సెంటర్ అవెన్యూలో సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ మధ్య తిరిగే దానికి నాకెందుకు? పైగా దాన్ని కొంటే వేసవంతా నేను గాలే తినాలి."

"మరి ఆ మధ్య మోజుపడ్డావే, పాత బస్సుల ఇంజన్లది?"

"దాని ఊసెత్తకు. అది పెడితే నా ముసలి ఇంజను పిస్టన్లు పగిలి చస్తుంది. యార్డులో నేను దాచింది చిన్నది. సంసారుల కార్లకి కంపెనీవాళ్ళే పెట్టి అమ్మారు. ఇంజను నెత్తిన కూర్చుంటుంది. కాలు పెట్టగానే తోస్తుంది, నా ఇంజను ఓర్చుకునేంతే తోస్తుంది. ఫౌండ్రీ రోజుల్నాటి నేస్తం ఒకడు, అది నా ఇంజనుకి అతికేలా కింద పెట్టే పలక కోసిస్తానన్నాడు. ఇక బిగించుకోవడమే."

"ఇంతకీ ఏమొస్తుందే దాంతో?"

రెజీనా ఆలోచించింది. "కూతొస్తుంది," అంది. "సన్నగా మొదలై, పైకి పైకి పోతుంది. ఒక్కసారి నా కారు అట్లా కూస్తే వినాలి. నా కాలు కింద."

అంతకు మించి ఆమె జీవితంలో దేన్నీ కోరలేదని కాదు. కోరింది. కోరినప్పుడల్లా "నీకెందుకు" అన్నారు. ఫౌండ్రీలో ఇసక అచ్చులు చేసే రోజుల్లో, ఇరవై నిండని పిల్ల, సొంత జీతంతో ఆకుపచ్చ నోవా కారు కొత్తది కొనుక్కుంటే తండ్రి అదే మాట అన్నాడు. ఫౌండ్రీలో మనుషుల్ని తీసేసినప్పుడు మొగుడు కారు అమ్మెయ్యమన్నాడు. తర్వాత మొగుడు ఇంకొకావిడతో ఫ్లోరిడా వెళ్ళిపోయాడు, కారు ఉండిపోయింది. ఇప్పుడు తమ్ముడు లెన్ ఇండియానా నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, "అక్కా, ఆ కారు డబ్బుతో ఇంటికి కొత్త హీటరు పెట్టించుకోవచ్చు కదా," అంటాడు. వాడికి పడవ ఉంది. పడవ ఎందుకని వాణ్ణి ఎవరూ అడగరు.

మంచు కాలమంతా, మంచు కరగాలని రోడ్ల మీద చల్లిన ఉప్పు రేకుని తినేస్తుందని, ఆ కారు గ్యారేజీ దాటదు. వసంతంలో వానలు పడి రోడ్లు కడిగాక బయటికి వస్తుంది. శుక్రవారం సాయంత్రాలు నది ఒడ్డున హాట్‌డాగుల బండి ముందు ఊళ్ళో పాత కార్లన్నీ బానెట్లు ఎత్తి నిలబడతాయి. రెజీనా తన కారు పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. వచ్చిన ప్రతి మగాడూ కారంతా చూసి, తలూపి, చివరికి ఆమె వైపు తిరిగి, "మీ ఆయన కారా?" అంటాడు. ఆమె ఎదురుగా ఉండగానే పక్క కుర్చీలో ఉన్న ఎవడో ముక్కూ మొహం తెలియని వాణ్ణి ఇంజను గురించి అడుగుతాడు. ఇన్నేళ్ళుగా ఇదే వరస.

కారు ఆమెదేనని దాని మీదే రాసి ఉంది, పేరుతో సహా. అదీ ఒక కథే. ఆ మధ్య ఒక పాత సామాన్ల సంతలో ఎవడో బస్సు సూపర్‌ఛార్జరు చూపించి, బయానా తీసుకుని, వచ్చే ఆదివారం ఇంటికి తెచ్చిస్తానన్నాడు. రెజీనాకి వారం ఆగటం చేతకాలేదు. అది బానెట్‌లోంచి పైకి తన్నుకు వస్తుంది కదా అని కొలతలు గీసి, రంపం పెట్టి, నిక్షేపంలాంటి బానెట్‌కి నడిమధ్యన పెద్ద బొక్క కోసి కూర్చుంది. వాడు తెచ్చింది చూస్తే డొల్ల. లోపల తిరిగే రెక్కలే లేవు, పైన పెట్టుకుని షోకు చేసుకోవడానికి పనికొచ్చే ఖాళీ డబ్బా. వాణ్ణి తిట్టి పంపింది. బొక్క మాత్రం మిగిలిపోయింది.

వాన లోపల పడకుండా దాని మీద లసాన్యా ట్రే బోర్లించింది. వంటింటి ట్రేలు చెత్తలో పారేసిన రోజు ఒకటి చంకన పెట్టుకొచ్చింది లెండి. సరిగ్గా సరిపోయింది. నాలుగు మూలలా క్లిప్పులు పెట్టింది. ఆ ట్రే అడుగున, వంటింట్లో ఒకరి గిన్నెలు ఒకరు ఎత్తుకుపోయే రోజుల్లో, ఎర్రటి గోళ్ళరంగుతో తనే రాసుకుంది: "రెజీనాది. ముట్టుకోవద్దు." బోర్లిస్తే ఆ అక్షరాలు ఆకాశం వైపు ఉంటాయి. వచ్చినవాళ్ళంతా చదువుతారు, నవ్వుతారు, "లోపల ఏం ఉడుకుతోంది?" అంటారు. ఆమె కూడా నవ్వుతుంది. ఆ వెంటనే, "మీ ఆయన కారా?" అంటారు. ఇంకేం చెప్పాలి ఈ మనుషులకి!

గంట మోగింది. పిజ్జాలు బయటికొచ్చాయి. పిల్లలు వచ్చారు, తిన్నారు, పారేశారు.

యార్డు సంగతి ఇది. తుక్కు కార్లు వరసలుగా పెట్టి ఉంటాయి. పనిముట్లు మనవే, విప్పుకోవాల్సింది మనమే, గేటు దగ్గర డబ్బిచ్చి పట్టుకుపోవటమే. చేతిలో డబ్బు లేని వాళ్ళు విప్పిన సామాన్ని ఇంకో తుక్కు కారు డిక్కీలోనో, సీటు కిందో దాచి, జీతం రాగానే వచ్చి తీసుకుంటారు. ఊళ్ళో అందరూ చేసే పనే. దాచినదాన్ని చూసినా చూడనట్టు పోవటం మర్యాద. రూలు మాత్రం కాదు.

పోయిన శనివారం రెజీనా అదే చేసింది. బురదలో అట్ట పరుచుకుని, వంగలేక వంగి, మధ్యాహ్నమంతా కష్టపడి ఒక సెడాన్ ఇంజను మీంచి సూపర్‌ఛార్జరు ఊడదీసింది. వేలితో తిప్పితే లోపల రెక్కలు నూనెలో మెత్తగా తిరిగాయి. వంటింటి నీలం చారల తువ్వాల్లో చుట్టి, పాత స్టేషన్ వ్యాగన్ కారు డిక్కీలో చాప కింద దాచింది. బోల్టులు మాత్రం జేబులో వేసుకుని వచ్చి జామ్ సీసాలో పోసింది. ఇక్కడిదాకా తప్పేం లేదు.

తప్పు సోమవారం జరిగింది. దానికి కావాల్సిన బెల్టు కోసం డ్వేన్ కొట్టుకి వెళ్ళింది. డ్వేన్ హట్చిన్స్ ఎప్పుడూ ఆమె మాట సగమైనా వినేవాడు కాదు. ఆ రోజు మాత్రం కౌంటర్ మీద మోచేతులు ఆన్చి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నాడు. "అబ్బో, నువ్వే విప్పావా?" అన్నాడు. "బాగుందా? రెక్కలు గీసుకోలేదా?" అన్నాడు. ఇంజన్ల గురించి ఒక మగాడు ఆమెతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఆమె ఉబ్బిపోయింది. ఏ వరసో, ఏ వ్యాగనో, చాప కిందనో అన్నీ చెప్పేసింది. అది గుర్తొచ్చినప్పుడల్లా ఈ నాలుగు రోజులూ నాలుక కరుచుకుంటూనే ఉంది. బిళ్ళ చప్పరించి ఊరుకుంది.

బ్యాంకు పని అయ్యాక తుప్పు పట్టిన వ్యాన్‌లో నది దగ్గరికి వచ్చేసరికి, ఓడలకి దారివ్వడానికి పైకి లేచే వంతెన అప్పటికే లేచి ఉంది. కంకర నింపుకున్న ఓడ పైకి వస్తోంది. ఊళ్ళో వాళ్ళ అలవాటు ప్రకారం అందరూ ఇంజన్లు ఆపి కిందికి దిగారు. సిగరెట్లు వెలిగించారు, రైలింగ్ పట్టుకుని ఓడని చూశారు. రెజీనా దిగలేదు. స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ, తలెత్తి నిలబడ్డ రోడ్డుని చూస్తూ కూర్చుంది. ఎడమ చెయ్యి లాగింది. పొద్దున్నించీ పెట్టెలు మోసిన నొప్పి అనుకుంది. ఇంకో బిళ్ళ నోట్లో వేసుకుంది.

యార్డు గేటు మూసే వేళకి చేరింది. వరసల మధ్య గుంటల్లో నీళ్ళు. వ్యాగన్ ఉంది. డిక్కీ తలుపు తీసే ముందే ఆమెకి తెలిసిపోయింది, ఎందుకంటే ఆమె దాన్ని గట్టిగా నొక్కి మూసింది, ఇప్పుడది వదులుగా ఉంది. చాప తిరగబడి ఉంది. కింద నూనె మరక తప్ప ఏమీ లేదు.

గేటు గదిలో ఉన్న కుర్రవాడు చూయింగ్ గమ్ నములుతూ, "నిన్న డ్వేన్ వచ్చాడండీ," అన్నాడు. "తిన్నగా ఆ బండి దగ్గరికే పోయాడు. తువ్వాల్లో చుట్టిందే తెచ్చాడు. డబ్బు కట్టాడు. మేమేం చేస్తాం?"

నిజమే, వాళ్ళేం చేస్తారు. ఎవరూ ఏమీ చేయరు. ప్రతిచోటా ఎవరో ఒకరు చేతులెత్తేస్తారు, ఎవరో ఒకరు డబ్బు కట్టిన చీటీ చూపిస్తారు, అంతటితో న్యాయం అయిపోయినట్టే.

డ్వేన్ కొట్లో స్టూళ్ళ మీద ఎప్పుడూ ఇద్దరు పనిలేని వాళ్ళు కూర్చుని కాఫీ తాగుతుంటారు. ఆమె లోపలికి రాగానే ఒకడు, "లసాన్యా వచ్చింది రోయ్," అన్నాడు. కౌంటర్ మీద అది ఉంది. కిరసనాయిలుతో కడిగి తుడిచి, వెండిలా మెరిపించి పెట్టారు. దాని కింద పరిచి ఉన్నది నీలం చారల తువ్వాలు.

"రామ్మా రా. ఏం కావాలి?" అన్నాడు డ్వేన్.

"అది నాది."

"ఏది?"

"నువ్వు చెయ్యి వేసుకుని నిలబడ్డావే, అది."

"ఇదా? నిన్న యార్డులో దొరికింది. డబ్బు కట్టే తెచ్చుకున్నా. చీటీ చూస్తావా?"

"బురదలో పడుకుని విప్పింది నేను. దాచింది నేను. ఎక్కడ దాచానో ఈ భూమ్మీద నీకొక్కడికే చెప్పా."

"చెప్పావు, కాదన్ను. చెప్పకుండా ఉండాల్సింది." స్టూళ్ళ మీద ఇద్దరూ నవ్వారు. "చూడమ్మా, యార్డులో దాచినదాని మీద ఎవరి పేరూ ఉండదు. నేను కాకపోతే ఇంకోడు తన్నుకుపోయేవాడు. సరే, నీకు కాబట్టి ఆరువందలకిస్తా. బయటివాడికైతే ఎనిమిది."

యార్డులో దాని ధర అందులో పదో వంతు లేదు. రెజీనా చెయ్యి దానంతటదే చేతిసంచి మీదికి పోయింది. బ్యాంకు నుంచి తెచ్చిన డబ్బు లోపల ఉంది. ఇంటి వాయిదాకీ, కరెంటుకీ ఉంచింది కూడా కలిపితే ఆరువందలకి సరిపోతుంది. ఇచ్చేస్తే వచ్చే శుక్రవారానికి కారు కూస్తుంది. ఆ క్షణంలో ఆమె ఇచ్చేసేదే.

"అయినా నీకెందుకు చెప్పు ఇదంతా?" అన్నాడు డ్వేన్, జాలిగా. "ఈ వయసులో మెడ పట్టేస్తుంది. నా మాట విని ఆ బొక్క మీదికి ప్లాస్టిక్ మూత తీసుకో, నలభై డాలర్లు. దూరం నుంచి చూస్తే లోపల నిజంగా ఏదో ఉన్నట్టే ఉంటుంది."

ఆమె చెయ్యి సంచి మీంచి వెనక్కి వచ్చింది. ముఖం కందిపోయింది. గొంతు మాత్రం పెరగలేదు.

"నీ చిన్నప్పుడు నీకు తిండి పెట్టాను డ్వేన్. వీళ్ళిద్దరికీ పెట్టాను. శుక్రవారం శుక్రవారం పళ్ళెం పట్టుకుని రెండోసారి వచ్చేవాడివి. రూలు ప్రకారం ఒక్కసారే పెట్టాలి. ఏనాడైనా నీకు లేదన్నానా? రూలు చూపించానా?"

స్టూళ్ళ మీద నవ్వు ఆగిపోయింది. ఒకడు కాఫీ కప్పులోకి చూశాడు. డ్వేన్ చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గేమో అనుకుంటాం కదా, అంత అదృష్టం లేదు. "వ్యాపారం వ్యాపారమే," అన్నాడు.

"తువ్వాలు నాది," అంది రెజీనా.

"తీసుకో, దానికేం," అని వాడు సూపర్‌ఛార్జరుని ఒక చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. ఆమె తువ్వాలు లాక్కుని మడత పెట్టింది. తలుపు దాకా వెళ్ళింది. వెనక నుంచి వాడు పిలిచాడు.

"అన్నట్టు, దీని బోల్టులు నీ దగ్గరే ఉండాలే. ఇచ్చెయ్, యాభై తగ్గిస్తా."

"నా దగ్గరే ఉన్నాయి," అంది ఆమె. "ఉంటాయి."

ఇంటికొచ్చి, గ్యారేజీలో నిలబడి ఓపల్‌కి ఫోన్ చేసింది. జరిగింది చెప్పింది. ఓపల్ డ్వేన్‌నీ, వాడి అమ్మనీ, వాడి కొట్టునీ కలిపి చాలాసేపు తిట్టింది. రెజీనా ఆగమని, "విను," అంది. "చివరి వరసలో బూడిదరంగు సెడాన్ ఇంకోటి ఉంది. అదే ఇంజను. ఎవడూ ముట్టుకోలేదు. రేపు పొద్దున్నే గేటు తీయగానే పోదాం. ఈసారి డబ్బుంది, దాచే పన్లేదు. నాతో వస్తావా?"

"నాకు బోల్టుకీ నట్టుకీ తేడా తెలీదే."

"నువ్వు గొడుగు పట్టుకో చాలు. థర్మాస్‌లో కాఫీ తే. మీ ఇంటి నీళ్ళ కాఫీ కాదు, చిక్కటిది."

ఫోన్ పెట్టేసి, ట్రే క్లిప్పులు తీసి, బొక్కలోంచి ఇంజనుని చూసింది. బస్సుది పెట్టాలని కోసిన బొక్క ఇది. చిన్నది పెడితే చుట్టూ జానెడు ఖాళీ ఉంటుంది. అందరూ మళ్ళీ నవ్వుతారు. నవ్వనీ అనుకుంది, కూత విన్నాక ఎవడు నవ్వుతాడో చూద్దాం. ట్రే మళ్ళీ బిగించింది. డ్రైవింగు సీట్లో కూర్చుని ఇంజను స్టార్ట్ చేసింది. పాత ఇంజను గరగరమని, సర్దుకుని, నిలకడగా తిరిగింది. ఆమె కిటికీ మీద మోచెయ్యి ఆన్చి కాసేపు విన్నది. లోపల లేని శబ్దం ఒకటి దాని మీద పెట్టుకుని విన్నది.

ఆపేసి లోపలికి వెళ్ళి, నిన్న క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండినవి వెచ్చబెట్టుకుని రెండు తింది. మిగతావి తినబుద్ధి కాలేదు. స్పానర్లు ఏరి, తువ్వాల్లో చుట్టి, తలుపు పక్కన పెట్టింది. బయట ఇంకా వెలుతురుంది. బూట్లు కూడా విప్పకుండా సోఫాలో నడుం వాల్చింది.

మర్నాడు శనివారం పొద్దున ఓపల్ వచ్చి తలుపు కొట్టింది. ఎవరూ పలకలేదు. తలుపుకి గడియ వేసి లేదు. లోపలికి వెళ్ళి, "ఏమే, నన్ను పరిగెత్తించి నువ్వు పడుకున్నావా?" అంది. రెజీనా బూట్లతోనే ఉంది, ఒక చెయ్యి ఛాతీ మీద ఉంది, ముఖం మామూలుగానే ఉంది. ఓపల్ ఆమె పక్కన కింద కూర్చుంది. కొంతసేపటికి థర్మాస్ మూత తీసి రెండు కప్పుల్లోనూ కాఫీ పోసింది. చిక్కగానే చేసింది.

తమ్ముడు లెన్ వచ్చి అంత్యక్రియలు జరిపించాడు. చెడ్డవాడని కాదు, తొందరలో ఉన్నాడు. గ్యారేజీలో ఉన్నదంతా, కారూ, పనిముట్లూ, జామ్ సీసాలో బోల్టులూ, ఒకే బేరంగా డ్వేన్‌కి అమ్మేశాడు. ఓపల్‌కి తెలిసేసరికి బండి వెళ్ళిపోయింది.

ఎండాకాలంలో ఒక శుక్రవారం ఆమె నది ఒడ్డుకి వెళ్ళింది. ఆకుపచ్చ నోవా చుట్టూ జనం మూగి ఉన్నారు. బొక్క చుట్టూ నికెల్ పట్టీ, మధ్యలో మెరుస్తూ ఆ చిన్న సూపర్‌ఛార్జరు. అద్దం మీద "అమ్మకానికి" అన్న అట్ట, కింద ఆరువందలు కాదు, వేలల్లో ధర. డ్వేన్ కారుకి ఆనుకుని చెబుతున్నాడు.

"ఎవరో ముసలావిడ కారండీ. ఆదివారం చర్చికి తప్ప బయటికి తీసేదే కాదు. దీని విలువేంటో కూడా ఆవిడకి తెలీదు పాపం. ఇదంతా నేను చేయించిందే."

"అబద్ధం," అంది ఓపల్.

జనం తిరిగి చూశారు. ఆమె తింటున్న హాట్‌డాగ్ చేత్తో పట్టుకునే ముందుకు తోసుకొచ్చింది.

"ఆవిడ పేరు రెజీనా వోయ్‌చిక్. కారు ఆవిడ కొన్నది. ఆ బొక్క ఆవిడ కోసింది. నెత్తిన పెట్టావే, అది ఆవిడ విప్పింది. నువ్వు దొంగిలించావు. దాని బోల్టులు కూడా ఆవిడవే."

డ్వేన్ నవ్వాడు. "ఎండ దెబ్బ తగిలినట్టుంది, నీళ్ళివ్వండయ్యా," అంటూ లోపల కూర్చుని ఇంజను స్టార్ట్ చేసి, కాలు నొక్కాడు. కూత సన్నగా మొదలైంది. పైకి పోయింది, ఇంకా పైకి పోయింది, నది మీదుగా అవతలి ఒడ్డుకి పోయింది. మూగినవాళ్ళు చప్పట్లు కొట్టారు. రెజీనా చెప్పినట్టే ఉంది, అచ్చం అట్లాగే ఉంది. ఓపల్‌కి అన్నిటికన్నా ఎక్కువ మండింది అదే. అంత బాగుండకపోయినా బాగుండేది.

ఆమె హాట్‌డాగు చెత్తలో వేసి, రెజీనా ఇంటికి వెళ్ళింది. గడ్డి పెరిగిపోయింది. ముందు ఇల్లు అమ్మకానికని ఎవరో ఏజెంటు బోర్డు పాతి ఉంది. గ్యారేజీ తలుపు పక్కన, కారు లాక్కెళ్ళిన రోజు డ్వేన్ పీకి విసిరేసిన చోటే, లసాన్యా ట్రే గడ్డిలో బోర్లా పడి ఉంది. వానలకి అంచులు మసకబారాయి. అడుగున ఎర్రటి గోళ్ళరంగు మాత్రం పోలేదు. "రెజీనాది. ముట్టుకోవద్దు."